పులి రాయి దగ్గర నేను చెప్పిన మాట

పోయిన నెల మనవరాలు నన్ను పాంకోర్ దీవికి తీసుకెళ్ళింది. సైబర్‌జయలో ఏదో కంప్యూటర్ కంపెనీలో పని దానికి. శని ఆదివారాలు వస్తే ఇంట్లో కాలు నిలవదు. "అమ్మమ్మా, సముద్రం చూద్దాం లా" అంది. మాట చివర ఆ "లా" ఈ మలాయి దేశపు అలవాటు. కారులో లూముట్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి చల్లగాలి మిషన్లు పెట్టిన పడవెక్కితే కాసేపట్లో దీవిలో దింపేశారు. అద్దె వ్యాను డ్రైవరు ఊరంతా తిప్పి ఒకచోట ఆపి, ఇదే డచ్చివాళ్ళ కోట అన్నాడు. గోడలు మళ్ళీ కట్టి, పచ్చిక కత్తిరించి, కూర్చోడానికి బల్లలు వేశారు. దానికి కొంచెం అవతల ఒక పెద్ద బండ. పైన కప్పు, చుట్టూ కంచె, ముందు ఒక బోర్డు. మనవరాలు బోర్డంతా చదివింది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడబోతే నోరు తిరగదు. "అమ్మమ్మా, పులి... చిన్న బాబుని... తీస్కెళ్ళిపోయింది. పాపం లా" అంది. నాకు తెలుసన్నాను. "ఎలా తెలుసు? ముందు వచ్చినావా?" అని అడిగింది. వచ్చానన్నాను. అంతకు మించి ఏమీ చెప్పలేదు. చెబితే అందుకోవడానికి దాని తెలుగు చాలదు, చెప్పడానికి నా ధైర్యమూ చాలలేదు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి అన్నం సయించడం లేదు. అందుకే రాస్తున్నాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు ఉంటాయి. బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి తోటలో ఉండేవాళ్ళం. ఒకవైపు సముద్రం, ఒకవైపు పెరాక్ నది, మధ్యలో బురద నేల. ఎటు చూసినా కొబ్బరి చెట్లే, చెట్ల మధ్య కాలవలే. ఆ కాలవల నీళ్ళు ఉప్పన, నోట్లో పెట్టుకోలేం. వాన కురిస్తే రేకుల మీంచి కారే నీళ్ళు పీపాల్లో పట్టి తాగేవాళ్ళం. వానలు లేని నెలల్లో పీపా అడుగున పురుగులు తేలేవి. అమ్మ పాత చీర గుడ్డలో వడకట్టి కాచి పోసేది. కొబ్బరి ఎండబెట్టే కొట్టం మా ఇళ్ళ వరసకు ఎదురుగానే ఉండేది. అందులోంచి పగలంతా పొగ. సగం తియ్యగా, సగం మక్కినట్టు ఉండే ఆ వాసన మా జుట్టులో, బట్టల్లో, అన్నంలో కూడా ఉండేది. ఇప్పుడు మేముండే క్లాంగ్ ఊళ్ళో అంగడి వీధి నూనె కొట్టు ముందు నుంచి నడిచినా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటాను. మనవరాలు ఆ వాసన బాగుందంటుంది. ఉంటుంది మరి, దాని మధ్య బతకలేదు కదా.

అయ్య ఇనప గునపం మీద కాయలు ఒలిచేవాడు. అమ్మ పగలగొట్టిన చిప్పల్లోంచి వంకర కత్తితో కొబ్బరి తీసేది. ఆవిడ కుడి బొటనవేలు ఎప్పుడూ గుడ్డ చుట్టుకునే ఉండేది. కోడి కూయకముందే లేచి ఒక్క కుండలో రోజంతటికీ అన్నం వండి, గంజి వార్చి, ఎండుచేప కాల్చి, గుమ్మం ముందు బురద మీద పిండితో ముగ్గు పెట్టేది. మేము లేచేసరికి కాలవలోంచి వచ్చిన చిన్న పీతలు ఆ ముగ్గు సగం తినేసేవి. అమ్మ వాటిని తిట్టేది కాదు. నన్నే తిట్టేది, లేవడం ఆలస్యమైందని. తలుపు వెనక మూల ఒక ఇటుకరాయి నిలబెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అదే మా ఊరి అమ్మోరు అనేది. మా ఊరంటే విజయనగరం అవతల ఎక్కడో ఉంది. నేను చూడలేదు, అమ్మ కూడా పెళ్ళయిన ఏడాదికే వదిలేసి ఓడెక్కింది. అయినా మా అనే అనేది. రోజూ ఆ ఇటుకకు మొక్కేది గానీ ఆవిడకు దాని మీద నమ్మకం పూర్తిగా ఉన్నట్టు లేదు. "ఇది మనం నిలబెట్టిన రాయి. అమ్మోరు తనకి తాను ఎలిసిన చోటు వేరే ఉంతాది. ఆ తల్లి మనతో ఓడెక్కలేదు" అనేది అయ్యతో.

అమ్మ బెంగంతా మా తమ్ముడు సింహాద్రి గురించి. మూడేళ్ళవాడు. అంతకు ముందు ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారు. వీడు నిలబడ్డాడు అనుకునేలోపు చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు వచ్చేది. ముందు పళ్ళు కొట్టుకునే చలి, ఆ తరవాత ఒళ్ళు కాలిపోయేది, ఆ తరవాత చెమట. కడుపులో బల్ల పెరిగి, ఎడమ పక్క పొట్ట గట్టిగా చేతికి తగిలేది. తోట ఆసుపత్రిలో మందిచ్చే డ్రెసరు కొయినా మాత్రలు ఇచ్చేవాడు. సింహాద్రి వాటిని ఉమ్మేసేవాడు. నాలుక కింద దాచి అమ్మ చూడనప్పుడు పీపా వెనక ఉమ్మేవాడు. నేను చూసి చెప్పేదాన్ని కాదు. చేదని వాడంటే నిజమే కదా అనుకునేదాన్ని. ఇలాంటివి ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

ఆ ఏడు ఉగాదికి తోట దొర మా తెలుగువాళ్ళకు ఒక రోజు సెలవిచ్చాడు. తోట బడిలో పంతులుగారు ఒకాయన ఉండేవారు. సన్నగా, ఎప్పుడూ ఉతికిన పంచెతో ఉండేవారు. మాకు అక్షరాలు నేర్పడం కంటే చరిత్ర చెప్పడమే ఇష్టం ఆయనకు. పాంకోర్ దీవిలో పాత కోట ఒకటి పడిపోయి ఉందని, పిల్లలకు చూపించాలని, చీనావాడి సరుకు పడవ మాట్లాడారు. మలాయివాళ్ళు కూడా దాన్ని కోట అనే అంటారని ఆయన చెప్పగానే పెద్దవాళ్ళకు హుషారు వచ్చింది. కోట అంటే మా వాళ్ళకు బొబ్బిలి కోటే. ఏనుగులు, బురుజులు, అగడ్త ఉంటాయనుకుని పిల్లలకంటే ముందు వాళ్ళే పడవెక్కారు. అమ్మ రానంది మొదట. సింహాద్రికి అది జ్వరం రాని రోజు. అయ్యే బలవంతం చేశాడు. "సముద్రం గాలి తగిల్తే పిల్లోడికి మంచిదని డ్రెసరు సెప్పినాడు. ఎల్దాం రా. ఎప్పుడు సూసినా ఆ మూల కూకుని ఏడ్సేదేటి?" అన్నాడు.

తెల్లవారేసరికి నది మొగ దాటాం. పడవలో ఎండుచేపల వాసన, ఇంజను పొగ. పులిహోర పొట్లాలు విప్పకుండానే సగం మంది వాంతులు చేసుకున్నారు. ఎండెక్కాక దీవిలో దిగాం. ఇసక మీద చాపలు పరిచి, వాటి నిండా వేలెడంత చేపలు ఎండబెట్టి ఉన్నాయి. పంతులుగారు ముందు నడుస్తుంటే గుబురు చెట్ల మధ్యకి వెళ్ళాం. అక్కడుంది కోట. నాలుగు ఇటుక గోడలు. కప్పు లేదు. ఒక గోడను పట్టుకుని చెట్టు వేళ్ళు కిందికి దిగాయి. లోపల ఒకటే గది ఉన్నంత జాగా, అందులో తడిసిన ఆకులు, మేక పెంటికలు. పంతులుగారు గోడ మీద చెయ్యి వేసి, వందల ఏళ్ళ కిందట డచ్చివాళ్ళు ఇక్కడ తగరం దాచేవారని, చివరికి ఒకరోజు అన్నీ వదిలేసి ఓడలెక్కి పోయారని చెబుతున్నారు. ఎవరూ వినడం లేదు. "ఇదేటి కోట బాబూ? మా బొబ్బిల్లో ఏనుగుల సావిడి దీనికంటే పెద్దదుంతాది. దీనికోసం కడుపులో పేగులు బైటికొచ్చేదాకా తెచ్చినారా మమ్మల్ని?" అన్నాడు అయ్య. అందరూ నవ్వారు. పంతులుగారు కూడా నవ్వబోయి, ఊరుకుని, కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆయన ముఖం చూసి నాకు జాలేసింది. నాకైతే ఆ కోట నచ్చింది. భయంగా ఉంది కాబట్టి నచ్చింది. అంత గట్టి గోడలు కట్టుకున్నవాళ్ళు కూడా నిలవలేదంటే, రేకుల ఇంట్లో ఉన్న మా గతేమిటని అనిపించింది. ఇంత స్పష్టంగా అప్పుడే అనుకున్నానో, ఇప్పుడు అనిపిస్తున్నదో చెప్పలేను.

మగవాళ్ళు నీడలో పడుకున్నారు. ఆడవాళ్ళు పొట్లాలు విప్పారు. సింహాద్రి ఆ రోజు రెండు ముద్దలు తిన్నాడు, వారం తరవాత మొదటిసారి. అమ్మ ముఖం విప్పారింది. వాణ్ణి చంకనేసుకుని, నన్ను తోడు పిలిచి, చెట్ల వెనక్కి నడిచింది. అక్కడ మా ఇంటికంటే ఎత్తైన బండ ఒకటి, నాచుపట్టి, ఒంటరిగా. అమ్మ దాని చుట్టూ తిరిగి చప్పున ఆగిపోయింది. రాతి మీద గీతలున్నాయి. ఒక పులి. పులి ముందర చిన్న మనిషి బొమ్మ. పక్కన మాకు తెలియని అక్షరాలు కూడా ఉన్నాయి గానీ అమ్మకు ఏ అక్షరమైనా ఒకటే. "నర్సా! సూడే! పులి! పులీ, అమ్మోరూ! తల్లి ఇక్కడికొచ్చి ఎలిసినాది. మన కంటే ముందే ఓడెక్కొచ్చినాది" అని, పిల్లాణ్ణి నా ఒళ్ళో పడేసి, బండ ముందు సాగిలపడి ఏడ్చింది. ఉగాది కదా, కొంగున పసుపు కుంకుమ ముడి ఉంది. పసుపు తడిపి ఆ చిన్న బొమ్మకు రాసింది. కుంకుమ పెట్టింది. అదే వేలితో రాతి మీది కుంకుమ తీసి సింహాద్రి నుదుట పెట్టింది. "తల్లీ, నా కొడుకు లేచి తిరిగితే తొమ్మిది వారాలు తిరక్కముందే వాణ్ణి తెచ్చి నీ కాళ్ళకాడ పడేస్తాను. ఘటం నెత్తినెట్టుకుని ఈ ఒడ్డు నుంచి నీ కాడికి నడిసొస్తాను" అని మొక్కుకుంది. మా వాళ్ళకు ఆ మొక్కు ఆటా మాటా కాదు. అమ్మోరికి ఘటం ఎత్తుతానని నోటితో అన్నాక గడువు దాటితే, ఇచ్చినదాన్ని తల్లి తిరిగి తీసుకుపోతుందని పుట్టినప్పటి నుంచీ విన్నాను.

అప్పుడే చేపలు ఎండబెట్టే మలాయి ముసలాయన వచ్చాడు. నెత్తిన టోపీ, చేతిలో గంప. అమ్మ చేస్తున్నది కాసేపు చూసి, కంగారుగా ఏదో అన్నాడు. అమ్మకు మలాయి భాష రాదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా తెలుగువాళ్ళ మధ్యే పని ఆవిడకు. నాకు వచ్చు. కాలవ అవతల ఊళ్ళో మలాయి పిల్లలతో ఆడుకునేదాన్ని, తెలుగంత బాగా మాట్లాడేదాన్ని. ఆయన అన్నది ఇది: "పాపా, మీ అమ్మకు చెప్పు. ఇది దేవుడు కాదు. వెనకటికి కోటలో ఉన్న తెల్లవాళ్ళ పిల్లాణ్ణి పులి ఎత్తుకుపోయింది. ఆ పిల్లాడి గుర్తుకి వాళ్ళ వాళ్ళు చెక్కుకున్నారు. చచ్చిపోయిన బిడ్డ రాయి ఇది. జబ్బు పిల్లాణ్ణి ఇక్కడ పెట్టుకోవద్దు, తీసుకెళ్ళమను." మెల్లగానే చెప్పాడు. నా తలమీద చెయ్యి కూడా పెట్టాడు.

"ఏటే? ఆ ముసిలాయన ఏటంతన్నాడు?" అంది అమ్మ. కళ్ళ నిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు. ఆవిడ నవ్వు ముఖం నేను అంతకు ముందు చూసిన గుర్తే లేదు. సింహాద్రి నా ఒళ్ళో ఉన్నాడు, నుదుట ఆ కుంకుమతో. "శానా సత్తెమున్న తల్లంటమ్మా. ఎవరేటి కోరుకున్నా ఇచ్చేత్తాదంట" అన్నాను. అమ్మ ఆయనకు రెండు చేతులూ జోడించింది. పాపం ఆయన, తన మాట అర్థమైందనుకుని తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత జరిగింది ఇంకా ఘోరం. సింహాద్రి బాగుపడ్డాడు. సముద్రపు గాలో, ఆ వారం డ్రెసరు తన ఎదుటే మాత్ర మింగించి గాని వదలకపోవడమో, ఏదైతేనేం, జ్వరం ఆగింది. వాడు ముగ్గు మీది పీతల్ని తరుముతూ గుమ్మం ముందు పరిగెత్తడం మొదలుపెట్టాడు. అమ్మ వరసలోని ప్రతి ఇంటికీ వెళ్ళి పులి మీది అమ్మోరి కథ చెప్పింది. "మా నర్సకి ఆ ముసిలాయన సొయంగా సెప్పినాడు" అనేది, నన్ను ముందుకు తోసి. నేను అవునని తల ఊపేదాన్ని. ఘటానికి కొత్త కుండ కొని సున్నం బొట్లు పెట్టి ఉంచింది. పడవ దొరకడమే కష్టమైంది. కాయలు దిగే రోజులు, మేస్త్రీ సెలవివ్వనన్నాడు. ఏడో వారమో ఎనిమిదో వారమో అయ్య ఎవర్నో బతిమాలి సెలవు సంపాదించి, చేపల పడవ మాట్లాడుకొచ్చాడు. "రేపు తెల్లారి ఎల్తన్నాం. మన పక్కింటి అప్పన్న కూడా వస్తాడు. వాడికి మలాయి బాగా వచ్చు. ఆ ముసిలాయన్నే అడిగి పూజ ఎలా సెయ్యాలో కనుక్కుంటాం" అన్నాడు.

ముసలాయన నోరు విప్పితే నా అబద్ధం అందరి ముందూ బయటపడుతుంది. అమ్మోరి పేరు మీద అబద్ధమాడినదాన్ని అమ్మ చీరేస్తుందనుకున్నాను. పొద్దున్నే లేచి కడుపునొప్పని నేల మీద దొర్లాను. ఎంత దొర్లానంటే అయ్య నన్ను భుజాన వేసుకుని డ్రెసరు దగ్గరికి పరిగెత్తాడు. నన్ను వదిలి అమ్మ కదలలేదు. పడవ వెళ్ళిపోయింది. అయ్యకు మళ్ళీ సెలవు దొరకలేదు. తొమ్మిది వారాలు దాటిపోయాయి. "పరవాలేదు, తల్లికి మన బాధ తెలుసు" అంది అమ్మ, నా జుట్టు నిమురుతూ. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ తెలుసు.

వానలు మొదలయ్యాక సింహాద్రికి జ్వరం తిరగబెట్టింది. ఈసారి నాలుగు రోజులే. ఒక మధ్యాహ్నం, కొబ్బరి కొట్టం పొగ వాన నీటికి కిందికి అణిగి మా గుమ్మంలోకి వస్తుండగా, వాడు అమ్మ ఒళ్ళో పోయాడు. అమ్మ గట్టిగా ఏడవలేదు. సున్నం బొట్ల కుండ తీసుకెళ్ళి కాలవలో వదిలేసి వచ్చి, "నేను గడువు దాటించినాను. తల్లి తీసేసుకున్నాది" అంది. అయ్య ఏదో చెప్పబోతే, "నీ తప్పు కాదు, పిల్ల తప్పూ కాదు. మొక్కింది నేను" అంది. అదే ఆఖరు మాట ఆ సంగతి మీద, చాలా ఏళ్ళ వరకు.

ఆ రోజులు వేరు, ఈ రోజులు వేరు. నా మనవలకు జ్వరమొస్తే కారులో ఆసుపత్రికి తీసుకెళ్తారు, సాయంత్రానికి ఐస్‌క్రీం తింటూ ఇంటికొస్తారు. ఆ తోటలో మా ఇళ్ళ వరస లేదు. కొబ్బరి కొట్టేసి పామాయిల్ తీసే నూనె తాటి వేశారు. అప్పన్న మనవడు ఒకడు అక్కడే మోటారుసైకిల్ మీద తిరుగుతుంటాడట. కోటకు కప్పు లేకపోయినా గోడలు సాపు చేశారు, రాయికి కప్పు కట్టారు. సుఖపడ్డాం, కాదనను. కానీ మాకు పోయిన పిల్లలు ఎక్కడున్నారో చెప్పే గుర్తు లేదు. సింహాద్రిని పాతిపెట్టిన చోట ఇప్పుడు ఏ చెట్టుందో నాకు తెలియదు. చిన్న కొడుకు పోతే ఆ తెల్లవాళ్ళు బండ మీద చెక్కుకున్నారు. మాకు చెక్కడానికి ఉలీ లేదు, రాయీ మాది కాదు. ఆ కంచె పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు ఆ పేరు తెలియని తల్లి మీద అసూయ కలిగింది. అసూయే. ఇంకో మాట పెట్టను.

అమ్మ చివరి ఏళ్ళు క్లాంగ్‌లో మా ఇంట్లో గడిచాయి. చూపు తగ్గింది గానీ తెలివి తగ్గలేదు. ఏ గుడికీ రానంది. "నా మొక్కు చెల్లలేదు, నేనెళ్ళకూడదు" అనేది. నలభై ఏళ్ళకు పైగా ఆవిడ ఏ దేవుడికీ మొక్కలేదు, పండక్కి కొత్త చీర కట్టలేదు. ఇవన్నీ నేను చేయించినవి. ఆఖరికి ఒకరోజు పొద్దున్నే, ఆవిడకు తల దువ్వుతూ చెప్పేశాను. "అమ్మా, ఆ రాయి అమ్మోరు కాదు. ఆ ముసలాయన చెప్పింది వేరే. పులి ఎత్తుకుపోయిన పిల్లాడి గుర్తుకి చెక్కిన రాయి అది. నేనే నీకు అబద్ధం చెప్పాను. నీ మొక్కు అసలు మొక్కే కాదు. నువ్వేం తప్పూ చెయ్యలేదు." కడుపునొప్పి సంగతి కూడా వెంటనే చెప్పాలనుకున్నాను. ముందు ఇది చెప్పి ఊపిరి తీసుకున్నాను.

ఏడుస్తుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. బరువు దిగిపోతుందని కూడా ఆశపడ్డాను. అమ్మ నా చేతిలో దువ్వెన పట్టుకుని ఆపి, నా వైపు తిరిగింది. చూపు ఆనని కళ్ళతో నా ముఖం వెతికింది. ఆవిడ అంత భయపడటం నేను ఎప్పుడూ చూడలేదు, సింహాద్రి పోయిన రోజు కూడా.

"అమ్మోరు కాదా? మరి నా కొడుకెందుకు పోయినాడే?" అంది.

జ్వరమమ్మా అనాలి. దోమలమ్మా అనాలి. వాడు మాత్రలు ఉమ్మేస్తుంటే నేను చెప్పలేదమ్మా అనాలి. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. నలభై ఏళ్ళు తన తప్పు మీద నిలబడి బతికిన మనిషికి, ఆ తప్పు తీసేస్తే కాళ్ళ కింద ఏమీ లేదు.

"అప్పుడు నేను చిన్నదాన్ని కదమ్మా. నాకు మలాయి భాష అంత బాగా వచ్చేది కాదు. ఆయన అమ్మోరనే అని ఉంటాడు" అన్నాను.

"అదీ" అంది అమ్మ, ఊపిరి వదిలి. తల నా వైపు వంచింది. నేను మళ్ళీ దువ్వడం మొదలుపెట్టాను.